బొమ్మలు నావి, అక్షరాలు కావు

ఆర్మూర్,
19 జనవరి 1997.

అన్న గంగాధర్‌కు తమ్ముడు దేవిదాస్ నమస్కారాలు చెప్పి రాయిస్తున్నది.

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావనుకుంటాను. ఈ ఉత్తరం మన పక్కింటి లక్ష్మవ్వ వదిన రాస్తోంది. బీడీల చాట పక్కన పెట్టి, నేను చెప్పే మాటలను పుస్తకాల భాషలోకి మార్చుకుంటూ రాస్తుంది. "నువ్వన్నది అన్నట్టే రాస్తే మీ అన్న నవ్వుతడు" అంటుంది.

ఇప్పుడు ఊరంతా పసుపు ఉడకబెట్టిన వాసనే. పెర్కిట్ రోడ్డు పక్కన ఖాళీ జాగా కనబడితే చాలు, కొమ్ములు ఆరబోస్తున్నారు. మా ప్రెస్సుకు ఇదే సీజను. పసుపు పొట్లాల లేబుళ్లు, సంచుల మార్కాలు, వాటి వెంటే పెండ్లి పత్రికలు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని రెండేళ్లు దాటింది. అక్షరాలు మా ఓనరు ఏసయ్య సార్ కొడతాడు. బొమ్మలు నావి.

మొన్న మాక్లూర్ భూమేశ్వర్ సేటు వచ్చి "కొమ్ము బొమ్మ జూస్తే చేతికి పసుపంటాలె" అన్నాడు. కొమ్ము మీది కణుపులు, వేరు తెగిన మచ్చలు కూడా వదలకుండా గీశాను. సేటు తెర మీద వేలు రాసి, నిజంగానే వేలు చూసుకున్నాడు. ప్రెస్సులో అందరూ నవ్వారు. ఆ లేబుల్ ఒకటి ఈ కవర్లో పెట్టాను.

అమ్మ పోయి రెండేళ్లయినా నాకు ఒక్కడికి అన్నం వండడం కుదరడం లేదు. అమ్మ కొలతే చేతికి అలవాటైంది. రోజూ మిగులుతుంది. పొద్దున అదే తింటాను.

నీ తమ్ముడు,
దేవిదాస్.


షార్జా,
16 ఫిబ్రవరి 1997.

తమ్ముడు దేవిదాస్‌కు దీవెనలు.

నీ లేబుల్ మా గదిలో ఎనిమిది మంది చేతులూ తిరిగింది. మరునాడు కంపెనీకి తీసుకుపోయి సూపర్‌వైజర్ భూపతి సార్‌కు చూపించాను. ఆయనది మన జగిత్యాల పక్క ఊరు. చాలాసేపు చూసి "గీ చెయ్యి ఎవలిది?" అన్నాడు. నా తమ్ముడిదన్నాను. అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

అసలు సంగతి చెప్తున్నాను. నేను నిచ్చెనల మీద నిలబడి దుకాణాల బోర్డులు బిగిస్తానని నీకు తెలుసు. వాటిని కంప్యూటర్ మీద గీసే మనిషి ఈ ఏడు తన దేశం వెళ్లిపోతున్నాడు. ఆ జాగాలో నిన్ను పెట్టుకొమ్మని భూపతి సార్‌ను అడిగాను. "పని జూసి చెప్త" అన్నాడు. నువ్వు వాడే బొమ్మల ప్రోగ్రామే ఇక్కడా వాడతారు, కాకపోతే కొత్త వర్షన్. మాక్లూర్ నర్సయ్య సెలవు మీద వస్తున్నాడు, దాని సీడీ అతని చేతికి ఇచ్చాను. వెంటనే మొదలుపెట్టు.

ఇంకొక మాట. కంప్యూటర్ మీద పనిచేసేవాడివి, అన్నకు నాలుగు ముక్కలు సొంతంగా రాయలేవా? అంత తీరిక లేని మనిషివయ్యావా? లక్ష్మవ్వ మంచిదే. కానీ నేను రాసేవన్నీ ఆమె చదవాలా?

ఇక్కడ మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కానీ అమ్మ చింతకాయ తొక్కులో ఏమేం నూరేదో తెలిసినవాడు ఒక్కడూ లేడు. నువ్వు వస్తే ఆ ముచ్చటైనా చెప్పుకోవచ్చు.

మీ అన్న,
గంగాధర్.


ఆర్మూర్,
6 ఏప్రిల్ 1997.

అన్నకు నమస్కారం.

నర్సయ్య సీడీ తెచ్చి ఇచ్చాడు. ఏసయ్య సార్‌కు చాలా సంబరమైంది. పాతదాన్ని తీసేసి అదే రోజు కొత్తది ఎక్కించాడు. చాలా బాగుంది. రంగులు ఎక్కువ ఉన్నాయి. నేర్చుకుంటున్నాను.

వీలైతే ఒకటి చూడు. ఆ ప్రోగ్రాం పాత వర్షన్ అక్కడ ఎవరి దగ్గరైనా దొరుకుతుందా? మా దగ్గరున్న ఫ్లాపీలకు బూజు పట్టింది. ఊరికే అడుగుతున్నాను.

ఎండలు ముదిరాయి. సిద్దుల గుట్ట రాళ్లు మధ్యాహ్నానికి కాలిపోతున్నాయి.

దేవిదాస్.


షార్జా,
4 మే 1997.

దేవిదాస్‌కు,

పాత వర్షన్ దొరుకుతుందా అని భూపతి సార్‌ను అడిగితే నవ్వాడు. "ఇంకా గదేం జేస్తడు? మ్యూజియంల పెడ్తడా?" అన్నాడు. నేనూ నవ్వాను. నీకు పాత సామాను మీద ఎప్పుడూ మమకారమే.

శుభవార్త. కంపెనీ ఒప్పుకుంది. జూలై 14న నిజామాబాద్‌లో ఏజెంటు ఆఫీసులో చిన్న పరీక్ష పెడతారట. ఒక కాగితం ఇస్తారు, అందులో ఉన్నట్టు చేసి చూపించాలి. నీకు అది గంట పని కూడా కాదు. ఫోటోలు తీయించుకో. నా పై మంచం ఖాళీ అయింది. నేను పైకి మారి కింది మంచం నీకు ఉంచాను. కొత్త పరుపు కూడా కొన్నాను. గదిలో వాళ్లు "తమ్ముడు రాకముందే పరుపొచ్చింది" అని ఎగతాళి చేస్తున్నారు. చేయనీ.

మొన్న ఫోనులో అన్నిటికీ 'ఊ' అన్నావు. సంతోషం పట్టలేక మాట రాలేదేమో.

గంగాధర్.


ఆర్మూర్,
8 జూన్ 1997.

అన్నకు,

నువ్వు ఫోన్ చేసినప్పుడు ఎస్‌టీడీ బూతులో ఆరుగురు నిలబడి ఉన్నారు. అందుకే ఊ అన్నాను.

నన్ను ఇక్కడే ఉండనీ అన్నా. అక్కడి నీళ్లు నాకు పడవేమో. ఇల్లు తాళం వేస్తే చెదలు పడతాయి. తొలకరి పడింది, వంటింటి మూల కారుతోంది. బాగు చేయించాలి. ఆ పరుపు ఎవరికైనా ఇచ్చెయ్.

దేవిదాస్.


షార్జా,
29 జూన్ 1997.

దేవిదాస్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీళ్లు, చెదలు, వంటింటి మూల. మనిషి అసలు కారణం చెప్పనప్పుడు ఇట్లాంటివే చెప్తాడు. ఎవరైనా పిల్ల ఉందా? ఉంటే చెప్పు, తప్పేం లేదు. పరాయి మనిషి చేత రాయిస్తున్నావు కనుక చెప్పలేకపోతున్నావనుకుంటాను. ఈ ఒక్కసారి నీ చేత్తో రెండు వరుసలు రాయి.

లేకపోతే నాతో ఉండడం ఇష్టం లేదా? అదైనా చెప్పు.

ఏదేమైనా పద్నాలుగున నిజామాబాద్ పోవాలి. నేను భూపతి సార్‌కు మాట ఇచ్చాను.

గంగాధర్.


షార్జా,
10 ఆగస్టు 1997.

దేవిదాస్,

నువ్వు చెప్పకపోయినా అన్నీ తెలిశాయి. ఏజెంటు కంపెనీకి రాశాడు. గంటసేపు కంప్యూటర్ ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నావట. ఒక్క గీత కూడా గీయలేదట. చెప్పకుండా లేచి వెళ్లిపోయావట. "లేబుల్ వేరేవాళ్లతో చేయించి పంపినట్టున్నాడు" అని కూడా రాశాడు. భూపతి సార్ ఆ కాగితం అందరి ముందు చదివాడు. నేను నిచ్చెన మడతపెడుతూ విన్నాను.

రావడం ఇష్టం లేకపోతే పోకుండా ఉండాల్సింది. పోయి నా పరువు తీయడం ఎందుకు? నాయన లేని ఇంట్లో నీ బడి కోసం నేను ఎంత కొట్లాడానో నీకు తెలుసు. పదో తరగతి మూడుసార్లు తప్పినప్పుడే అనుకోవాల్సింది. నువ్వు చిన్నప్పుడూ మొద్దువే, ఇప్పుడూ మొద్దువే. నేనే ఆశపడ్డాను.

ఇక ఉత్తరం రాయకు. రాయిస్తే అసలే వద్దు.

గంగాధర్.


ఆర్మూర్,
7 సెప్టెంబర్ 1997.

అన్నకు దేవిదాస్ నమస్కారం.

వద్దన్నా రాయిస్తున్నాను. ఒక్కసారి చదివి తర్వాత చింపెయ్.

నాకు చదవడం రాదు అన్నా. బద్ధకం కాదు. అక్షరాలు ఒక్కొక్కటి చూపిస్తే గుర్తుపడతాను. అవి నాలుగు ఒక్కచోట చేరితే 'మ' ఏదో 'య' ఏదో జారిపోతుంది. ఒత్తు ఏ అక్షరానిదో తప్పిపోతుంది. వరుస చివరి నుంచి కింది వరుసకు దిగేసరికి దారి మరిచిపోతాను. ఇంగ్లీషు ఇంకా కష్టం. ఒకే కడ్డీ, ఒకే బుడ్డ. అటు పెడితే బి, ఇటు పెడితే డి. నాకు రెండూ ఒక్కటే.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు నాకు పాఠం చెప్తూ పలక నా తల మీద పగలగొట్టావు, గుర్తుందా? తప్పు నాదే. నువ్వు చదువుతుంటే విని, పాఠం మొత్తం నోటికి పట్టేవాణ్ని. చదువుతున్నట్టు వేలు జరిపేవాణ్ని. ఆ రోజు వేలు ఒక పేజీలో, నోరు ఇంకో పేజీలో ఉన్నాయి.

మరి కంప్యూటర్ ఎట్లా నేర్చుకున్నావంటావు. పాత ప్రోగ్రాంలో ఒక్క మాట కూడా నేను చదవలేదు. పై పట్టీలో మూడో మాట, దాని కింద తొమ్మిదో వరుస: నొక్కితే ఒక బొమ్మ ఇంకో బొమ్మ వెనక్కి పోతుంది. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దాని జాగా తెలుసు. అట్లా నూట ఇరవై జాగాలు నా చేతికి తెలుసు. మన ఇంట్లో కళ్లు మూసుకుని ఉప్పు డబ్బా అందుకున్నట్టే.

కొత్తదాంట్లో అన్నీ జరిపేశారు. మూడో మాట ఐదోదయింది. ఎడమ పక్కన ఉండే చిన్న గుర్తులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. ఏది నొక్కినా ఒక పెట్టె తెరుచుకుని ఏదో అడుగుతుంది. ఒకరోజు అట్లాగే అడిగితే, పాతదాంట్లో భద్రం చేసే గుండీ ఎడమ పక్కన ఉండేది కదా అని ఎడమది నొక్కాను. భూమేశ్వర్ సేటు కొమ్ము మొత్తం పోయింది. కణుపు కణుపూ దిద్దుకున్న బొమ్మ. ఏసయ్య సార్ "రెండేండ్లు చేసినోనివి, గిప్పుడేమైందయ్యా నీకు?" అన్నాడు. ఏం చెప్పను? నాకు చదవడం రాదని ఆయనకు కూడా తెలియదు.

నిజామాబాద్‌లో నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఏజెంటును అడిగాను.

"సార్, ఏది యాడున్నదో ఒక్కసారి చెప్పుండ్రి, చేస్త."

"రాసే ఉన్నది గద, సదువుకో."

"జర మీరు సదివి చెప్తే..."

"నేను సదివితే ఉద్యోగం నాకే ఇస్తరు" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. గంటసేపు ఒక్కో మాటనూ పట్టుకుని చూశాను. కళ్లలో నీళ్లు వచ్చి ఆ కాస్త కూడా కనబడలేదు. అప్పుడు లేచాను. బస్సెక్కకుండా దుకాణాల పాత బోర్డుల మీది బొమ్మలన్నీ చూసుకుంటూ చాలాదూరం నడిచాను.

ఏసయ్య సార్ నిజామాబాద్‌లో కోర్సు చేసిన తార అనే ఆమెను పెట్టుకున్నాడు. నేను అదే ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద ఉన్నాను. అక్కడి నుంచి నా కుర్చీ వెనక భాగం కనబడుతుంది.

నీతో ఉండడం ఇష్టం లేక కాదు. ఈ ఒక్క మాట నమ్ము. నాకేం బాధ లేదు.

దేవిదాస్.

గంగాధర్‌కు లక్ష్మవ్వ రాయునది. ఇది దేవిదాస్ చెప్పింది కాదు, నేను రాస్తున్నట్టు అతనికి తెలియదు. "నాకేం బాధ లేదు" అని రాయమని చెప్పి గోడ వైపు తిరిగాడు. నీ కిందటి ఉత్తరం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. మొద్దు అన్న మాట దగ్గర నేను చదవకుండా దాటేశాను. మూడోసారి నా చూపు కనిపెట్టి "ఆడ ఏదో ఇడిసిపెట్టినవు వదినా, సదువు" అన్నాడు. చదివాను. ఆ రోజు నుంచి పొయ్యి వెలిగించడం లేదు, నేను గిన్నె పంపితే తింటున్నాడు.


షార్జా,
12 అక్టోబర్ 1997.

తమ్ముడికి, ఈ ఉత్తరం చదివి వినిపించే లక్ష్మవ్వకు,

ఏమీ దాటవేయకుండా చదువు లక్ష్మవ్వా. నా మాటలు ఎట్లా ఉన్నా అతనికి వినే హక్కుంది.

పలక సంగతి నేను మరిచిపోయాను. నువ్వు చెప్తేనే గుర్తొచ్చింది. కొట్టడం ఒక తప్పు, మరిచిపోవడం ఇంకా పెద్ద తప్పు. నీ తలలో ఇరవై ఏళ్లు ఉన్నది నా తలలో ఒక్కరోజు కూడా లేదు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి ఒక చిన్న బడికి బోర్డు బిగించడానికి పోయాను. పది పన్నెండు మంది పిల్లలు. ఇసుకలో వేలితో అక్షరాలు రాస్తున్నారు. పెద్దపిల్లలు ఇట్లా చేస్తున్నారేమని అక్కడి టీచరమ్మను హిందీలో అడిగాను. ఆమె చెప్తుంటే నేను పానా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అచ్చం నువ్వు రాయించిందే. వరుస తప్పడం, బి, డి, నోటికి పట్టి వేలు జరపడం. వీళ్లకు తెలివి తక్కువ కాదు, అక్షరాన్ని పట్టుకునే దారి వేరు అంది. చాలామందికి బొమ్మలు గీసే చెయ్యి బాగుంటుందట. దానికి ఒక పేరుంది, చీటీ మీద రాయించుకున్నాను: డిస్లెక్సియా. మందు లేదు. కానీ ఓపికతో ఇంకో దారిలో నేర్పవచ్చు. "మీ తమ్ముడికి వచ్చినదాంట్లో నుంచే రానిదాన్ని పట్టించండి" అంది. ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. నీకు అవుతుందేమో.

భూపతి సార్‌కు అంతా చెప్పాను. "మల్లొకసారి జూద్దాం, మన పిల్లగాడే గద" అన్నాడు.

నేనూ ఒక నిజం చెప్పాలి. నీ కోసం పని చూశానని అందరికీ చెప్పుకున్నాను. అసలు సంగతి పని కాదు. ఒక్కడిగా ఉండి ఉండి నాకు విసుగొచ్చింది. అది అడగడానికి సిగ్గేసి ఉద్యోగం అన్నాను. నువ్వు రానన్నప్పుడు నన్నే వద్దన్నావనుకున్నాను. ఆ కోపమే ఆగస్టులో రాశాను.

గంగాధర్.


ఆర్మూర్,
18 జనవరి 1998.

అన్నకు దేవిదాస్ నమస్కారం.

జవాబు ఇంత ఆలస్యమైందని కోపగించుకోకు. చెప్పడానికి ఏదైనా ఉండాలని ఆగాను.

నువ్వు పంపిన పేరు లక్ష్మవ్వ వదిన చదివితే విన్నాను. నా నోరు తిరగలేదు. కానీ దానికి ఒక పేరుందంటే నాలాంటి వాళ్లు ఇంకెక్కడో ఉన్నారన్నమాట. ఆ రోజు పొయ్యి వెలిగించాను.

టీచరమ్మ మాట పట్టుకుని నాలుగు రోజులు ఆలోచించాను. తర్వాత ఏసయ్య సార్‌కు, తారకు నాకు చదువు రాదని చెప్పాను. సార్ "మూడేండ్ల సంది నా పక్కన్నే కూసుండి... నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు. కోపంగా కాదు. మధ్యాహ్నం అన్నాల వేళ కంప్యూటర్ వాడుకోమన్నాడు. తారను నాకు ఒక్కొక్క మాట చదివి చెప్పమని అడగడానికి మొహమాటపడ్డాను. ఆమే "నీకు బొమ్మొస్తది, నాకు రాదు. నాకు సదువొస్తది. ఇండ్ల షరమేమున్నదన్నా?" అంది.

ఆమె మాట చదివి అదేం చేస్తుందో చూపిస్తుంది. నేను ఒక నోటుబుక్కులో దానికో బొమ్మ గీసుకుంటాను. ఒకటి వెనక్కి పోవడానికి గంప కింద దూరే కోడి. రెండు కలిపేదానికి ముడివేసిన తాడు. భద్రం చేసేదానికి అమ్మ చిల్లర దాచే మట్టి గురిగి. తర్వాత తెర మీది మాటను కూడా బొమ్మలాగే చూస్తాను: ఎంత పొడుగు, ఎక్కడ మిట్ట, ఎక్కడ తోక. ఇప్పటికి అరవై ఎనిమిది అయ్యాయి. కొన్ని పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోతాయి. మళ్లీ పట్టుకుంటాను.

భూమేశ్వర్ సేటు కొమ్మును మళ్లీ గీశాను. ఇంతకుముందు ఒక పూటలో అయ్యేది పదకొండు రోజులు పట్టింది. పాతదానంత బాగా రాలేదు. సేటు చూసి "ఇది ఈ యేటి పంట" అని తీసుకుపోయాడు.

ఇక షార్జా సంగతి. నేను రాను అన్నా. ఈసారి చెదల సాకు చెప్పను. ఒక్క వర్షన్ మారితే నాకు ఏడాది పోయింది. అక్కడ మారినప్పుడల్లా పక్కన కూర్చుని చదివిపెట్టేవాళ్లు ఎవరుంటారు? నువ్వు నిచ్చెన మీద ఉంటావు. ఇక్కడ సార్, తార, లక్ష్మవ్వ వదిన ముగ్గురున్నారు, నా సంగతి తెలిసినవాళ్లు. మొత్తం మీద నాకున్నది ఆ ముగ్గురూ, అక్కడ నువ్వూ. నువ్వు ఒక్కడివయ్యావని తెలిసి కూడా రాననడం నాకు సులువుగా లేదు. ఇల్లు ఇక్కడ కూడా ఖాళీగానే ఉంది. సెలవు దొరికితే రా.

దేవిదాస్.


షార్జా,
15 ఫిబ్రవరి 1998.

తమ్ముడు దేవిదాస్‌కు,

రానన్నావు. బాధేసింది, కోపం రాలేదు. భూపతి సార్‌కు చెప్పేశాను. పరుపు మీద మోర్తాడ్ నుంచి కొత్తగా వచ్చిన మనిషి పడుకుంటున్నాడు.

నిన్న ఒక బట్టల దుకాణానికి బోర్డు బిగించాం. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటి అద్దంలాంటి ప్లాస్టిక్కుతో చేసింది. మరలు బిగించడానికి నేను బోర్డు వెనక్కి పోయాను. ఇరుకు సందు, గోడకూ బోర్డుకూ మధ్య. తల ఎత్తి చూస్తే అక్షరాలన్నీ వెనక నుంచి కనబడ్డాయి. అన్నీ తిరగబడి ఉన్నాయి. ఏమని రాసి ఉందో చదువుదామనుకున్నాను. నేనే మోసుకొచ్చిన అక్షరాలు, నాకు తెలిసిన పేరే. అయినా పట్టుబడలేదు. ఒకదాన్ని గుర్తుపట్టేలోగా ముందుది పోయింది. కింద నుంచి "జల్దీ, జల్దీ" అని అరుస్తున్నారు. అరిచేకొద్దీ ఇంకా కలగాపులగమైంది. చొక్కా తడిసిపోయింది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావురా. నువ్వు చిన్నప్పటి నుంచి ఆ సందులోనే నిలబడ్డావు. నేను ముందు నుంచి అరిచాను.

సెలవు దొరికింది. ఏప్రిల్ మొదటి వారంలో వస్తున్నాను. నెల రోజులుంటాను. బస్టాండుకు రావద్దు. దిగి నేరుగా ప్రెస్సుకే వస్తాను. నువ్వు పనిలో ఉంటే పిలవను. ఏదైనా చదివిపెట్టాలంటే చదువుతాను, అక్కర లేకపోతే ఊరికే పక్కన కూర్చుంటాను.

నీ అన్న,
గంగాధర్.